కిందకి బిగించిన మడమ

కోటేశ్వరీ, ఎట్టా ఉండావే. జవాబు ఆలస్యమైంది, కోప్పడబాక. ఆలస్యమంటే పదీ పదిహేను రోజులు కాదు, ఎనిమిది నెలలు దాటిందని నాకూ తెలుసు. నువ్వడిగింది ఒక్క మాట. మనిద్దరం కలిసి పెడదామనుకున్న చెప్పుల కొట్టుకి వినుకొండ బజార్లో గది దొరికింది, చంద్రుడి మీదనించి దిగొస్తావా రావా, ఖాయంగా చెప్పు అన్నావు. ఆ ఒక్క మాటకి నా కుడి మడమ అడ్డమొచ్చింది. ఊరికే అట్టా అంటే నువ్వు నమ్మవు. అందుకని నా కొట్టు డైరీలోంచి మడమ సంగతులున్న రోజులు మాత్రం ఏరి, నీకు తెలియడానికి అక్కడక్కడా రెండు మాటలు కలిపి పంపుతున్నా. మధ్యలో బూట్ల సైజులు వస్తే వదిలెయ్. గిరాకీ చూసుకుంటా టైపు కొట్టినవి, తప్పులుంటే సర్దుకో.

1వ రోజు

ఇయ్యాల చక్రానికి, అదే గిర్రున తిరిగే పెద్ద గదికి, పోయే రోజు. వారానికోసారి అందులో ఎనిమిది గంటలు నడిచినట్టు రాత పడితేనే కిందకి దిగే అర్హత నిలబడుద్ది. కొట్టు మూసి, కాలికి అడుగులు లెక్కేసే పట్టీ పెట్టుకుని, పైడమ్మతో కలిసి పోయా. పైడమ్మది నా పక్క కొట్టే, బ్యాటరీలూ బల్బులూ అమ్ముద్ది. శ్రీకాకుళం కాడ మనిషి. నన్ను అప్పా, అంటే అక్కా, అంటది గానీ మర్యాద అంతటితో సరి.

చక్రంలోకి దిగంగానే ఒళ్ళు ఆరింతలు బరువెక్కి, కింద మీ కాడ ఎంత ఉంటామో అంత అవుతాం కదా. తొలి పావుగంట అందరి కన్నూ బెంచీల మీదే. ఉన్నవి పన్నెండు. ఒకటి ఖాళీ అయింది. నేను బయట ఊళ్ళో దూకినట్టే దూకా. చక్రంలో అట్టా దూకగూడదని పసిపిల్లలకి కూడా తెలుసు. నాకూ తెలుసు. బెంచీ ఖాళీ అయితే తెలివి నిలవదు.

టప్ మని చప్పుడైంది. మడమ మీదుగా ఎవరో వెనకనించి బూటుకాలితో తన్నినట్టుంది. తిరిగి చూస్తే పైడమ్మ.

"ఎందుకే తన్నావు?"

"నానేటి తన్నడమేటి అప్పా. నీకూ నాకూ మధ్య రెండు బారలుంది."

"మరి ఎవరు తన్నారు?"

"నీ వెనకాల నేనొక్కదాన్నే ఉన్నాను గదా, అందుకే నా పేరు సెప్తన్నావు. గోడ ఉంటే గోడ పేరు సెప్పీదానివి."

ఈలోపు బెంచీ మీద ఎవరో కూర్చున్నారు. మిగతా టైమంతా గోడ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడ్డా. పట్టీ మాత్రం నిలబడ్డ బరువు కూడా లెక్కేసుకుంది, అదొకటి మేలు.

2వ రోజు

మడమ పైన వాచింది. అయినా ఊళ్ళో మామూలుగానే నడుస్తున్నా. ఇక్కడ నా బరువు పది కిలోలు లేదాయె, నడవడానికేం కష్టం. కొట్లో ఎవరూ లేనప్పుడు మునివేళ్ళ మీద లేచి చూశా. లేచా. తెగితే లేవలేం కదా, కాబట్టి బెణికింది.

పాదాల సంగతి నాకు ఒకరు చెప్పాలా, పంతొమ్మిదేళ్ళనించి బూట్లమ్ముతున్నదాన్ని. మెత్తటి అట్ట ఒకటి కోసి బూటులో మడమ కింద వేసుకున్నా. హాయిగా ఉంది. ఇదే నొప్పితో వేరేవాళ్ళు బేరానికొస్తే డాక్టరు దగ్గరికి పొమ్మనేదాన్ని.

తొమ్మిదో నంబరు సీసం బూట్లు రెండు జతలు పోయినయ్.

8వ రోజు

మళ్ళీ చక్రం వారం. వాకిటి దాకా పోయి, లోపల బరువు తల్చుకుని వెనక్కొచ్చా. పైడమ్మ నా మొహం చూసింది.

"పట్టీ ఇయ్యి."

"మొన్న తన్నావన్నా కదే."

"అన్నావు. అందుకే ఇయ్యమంటన్నాను. ఇకనించి నా కాలు తిన్నగా ఉందో లేదో రాతలో ఉంటాది."

ఇక్కడ ఇది మామూలే కోటీ. బదులు పట్టీ అంటారు. జ్వరమొచ్చినా, పురుడైనా, ఇంట్లో పెళ్ళి పనులున్నా, పక్కింటివాళ్ళు మన పట్టీ కూడా కట్టుకుని మన గంటలు నడిచొస్తారు. ఇంకోసారి వాళ్ళకి మనం. పట్టీకి అడుగులు తెలుసు, బరువు తెలుసు, ఎవరి కాలో తెలియదు. పట్టీల రాతలు చూసే రికార్డాఫీసు దృష్టిలో ఇది దొంగతనం. ఊళ్ళో అడిగితే ఇరుగుపొరుగు అంటారు.

పైడమ్మ రెండు కాళ్ళకీ చెరొక పట్టీ కట్టుకుని పోయింది, గజ్జెలు కట్టినట్టు.

12వ రోజు

కోటి ఉత్తరం వచ్చింది. గది దొరికిందంట. పై గదిలో సరుకు పెట్టుకోవచ్చంట. వస్తావా రావా అంటోంది.

వస్తా అని కొట్టి, పంపకుండా ఉంచా. మడమ తగ్గినాక పంపుదామని.

23వ రోజు

రికార్డాఫీసునించి మెసేజ్. "మీ పిక్కల బలం పోయిన నెలకంటే బాగా మెరుగైంది. ఇలాగే కొనసాగించండి."

పైడమ్మకి చదివి వినిపించా.

"అది నాకు రావల్సిన ఉత్తరం గదా" అంది. "నా రాతలో ఏటీ సెప్పనేదు. నీ పట్టీ కట్టిన కాలే బాగుందా నాకు?"

మడమ పైన వాపు పోయింది. అక్కడ ఒక గుంట లాంటిది ఉండేది, అదీ మెత్తగా పూడింది. మానిపోతోందనుకున్నా.

37వ రోజు

మూడు నెలలకోసారి ముఖం చూపించే రోజు. ఇవ్వాళ బదులు కుదరదు, చక్రంలో ఆఫీసరు మనిషినీ పట్టీనీ పక్కపక్కన పెట్టి చూస్తాడు. మానింది కదా అని ధైర్యంగానే పోయా. తలుపు దాటి మూడో అడుగు వేశా. పాదం నేలని తోయలా. మెట్టు ఉందనుకుని లేని చోట కాలేసినట్టయింది. మూట పడ్డట్టు పడ్డా.

ఎత్తుకెళ్ళి ప్రభుదాసు డాక్టరు ముందు పెట్టారు. ఊళ్ళో ఎముకల డాక్టరు ఆయనొక్కడే. అరవై దాటిన మనిషి, నిదానంగా మాట్లాడతాడు, తొందరేం లేనట్టు. నన్ను బోర్లా పడుకోబెట్టి ఎడమ పిక్క పిసికాడు. ఎడమ పాదం తల ఊపింది. కుడి పిక్క పిసికాడు. అది ఊపలా. ఇంకోసారి పిసికాడు. కుడిది మొండికేసింది.

"మడమ తాడు తెగింది సైదమ్మగారూ."

"నరమా?"

"నరం కాదమ్మా. పిక్క కండని మడమ ఎముకకి కట్టే తాడు. ఒంట్లో అంతకంటే లావు తాడు ఇంకోటి లేదు." నా పట్టీ రాత తెరిచి చూశాడు. "పోయిన వారం కూడా ఎనిమిది గంటలు నడిచారు, అదీ మెరుపులాగా. అంటే ఇవ్వాళ పడ్డప్పుడే తెగింది. అదృష్టవంతులు. తాజాది కాబట్టి చిన్న బెజ్జాలతో అయిపోతుంది. ఎల్లుండి చేసేద్దాం. స్కాను మిషనుకి భాగం ఒకటి కిందనించి రావాలి, వచ్చేసరికి నెల. దీనికి దాంతో పన్లేదు."

సరే అన్నా. అదృష్టవంతులు అన్నప్పుడు కూడా సరే అన్నా.

38వ రోజు

కొట్టు తెరిచా, స్టూలు మీద కూర్చునే బేరాలు. ఒకాయన పాత బూటు తెచ్చాడు, పక్క అతుకు ఊడింది, కుట్టమన్నాడు. చూస్తే తోలు అంచు చివికి పీచులు లేచింది. "అన్నా, ఊడిన రోజే తెస్తే అంచుకి అంచు కలిపి కుట్టేదాన్ని. ఇప్పుడు ఈ అంచుకి కుట్టు నిలవదు. వేరే ముక్క వెయ్యాల" అన్నా. అని, ఆయన పోయినాక కూడా ఆ మాటే చెవిలో ఉండిపోయింది.

డాక్టరు నా మడమలో ఏం కుట్టబోతున్నాడో అప్పుడు తట్టింది. ముప్పై ఏడు రోజుల పాత అంచు.

పైడమ్మని పిలిచా. చెప్తే ఏమవుద్దో ఇద్దరికీ తెలుసు. పట్టీ మార్చినట్టు తేలితే కట్టినోళ్ళకీ కట్టించుకున్నోళ్ళకీ ఇద్దరికీ దిగే అర్హత రద్దు. ఏడాది లోపల మడమ పరీక్ష పాసైతే తిరిగిస్తారు. చక్రంలో, ఉత్త కాళ్ళతో, ఒక్కో కాలి మీద అయిదేసిసార్లు మడమ ఎత్తాలి. పాస్ కాకపోతే ఇక జన్మలో కిందకి దిగనివ్వరు, కింద బరువుకి నీ ఒళ్ళు తట్టుకోదు అని రాసిచ్చేస్తారు. ఇక్కడే ఉండిపోవాల.

"సెప్పకపోతే?" అంది పైడమ్మ.

"కుట్టు తెగుద్ది. చక్రంలో మళ్ళీ పడతా."

"సెప్తే?"

"నీ పేరూ రాయాల."

కాసేపు నా షెల్ఫులో బూట్లు వరసగా సర్దింది, అవి సరిగ్గానే ఉన్నా. "నాకు కింద ఎవులున్నారు అప్పా, దోమలు తప్ప. రాయించీ. కానీ ఒకటి రాయించు. తన్నలేదని గూడా రాయించు."

39వ రోజు

చెప్పేశా. డాక్టరు కలం కింద పెట్టి, నా కాలి పట్టీని చూసి, నన్ను చూశాడు.

"ఆ మెరుపు నడక మీది కాదా?"

"బ్యాటరీల పైడమ్మది."

"ఆవిడ పిక్కలు చాలా బాగున్నాయని చెప్పండి." కాగితం తీసి, తెగిన తేదీ కొట్టేసి కొత్తది రాశాడు. "ఈ కాగితం రికార్డాఫీసుకి పోతుంది. తేదీ తప్పు రాసి కత్తి పట్టను. మీరు చెప్పకపోతే బెజ్జాల్లోంచి సూది పంపి, దొరికినదాన్ని కట్టేసేవాణ్ణి. దొరికేది తాడు కాదు. మధ్యలో పూడిన మెత్తటి పీచు. మూడు నెలలు బాగున్నట్టే ఉండేది."

మెత్తగా పూడితే మానిందని మురిసిన సంగతి ఆయనకి చెప్పలేదు.

41వ రోజు

ఇవ్వాళ డాక్టరే కొట్టుకొచ్చాడు. బేరానికనుకున్నా. బల్ల మీద రెండు లేసులు పెట్టమన్నాడు. ఒకటి మధ్యకి తెంచాడు. కొత్త లేసు, పోనీలే.

"తాజాగా తెగితే రెండు దారులు" అన్నాడు. "మడమ పక్కన నిలువుగా కోసి, రెండు కొసలూ బయటికి తీసి, ఒక్కో కొసకీ అటూ ఇటూ గొలుసు కుట్టు వేసి, ఎదురెదురుగా లాగి ముడేస్తాం. కొస చివికినా గొలుసు కుట్టు జారదు. లేదా కొయ్యకుండా, అటు అయిదూ ఇటు అయిదూ బెజ్జాలు పెట్టి లోపల్లోపలే దారం పంపుతాం. మచ్చ ఉండదు. కాకపోతే పక్కనే సన్నటి నరం ఉంటుంది, చూడకుండా సూది పంపితే అది కుట్లో పడొచ్చు. పడితే చిటికెనవేలి వైపు పాదం మొద్దుబారుతుంది."

"అవి రెండూ నాకు లేవు కదా."

"లేవు." తెంచిన లేసు కొసలు రెండూ దూరంగా జరిపాడు. "మీకు పిక్క ముడుచుకుని పైకొస పైకి పోయింది. రెండు సెంటీమీటర్లయితే లాగి కలపొచ్చు. నాలుగైదు అయితే పిక్క కండ మీద తలకిందుల వీ ఆకారంలో కోసి, కిందకి జరిపి కుట్టొచ్చు, లేదా పైతాడులోంచే ఒక పీలిక చీల్చి కిందకి మడిచి ఎడం పూడ్చొచ్చు. వేలితో కొలిచాను, మీది ఆరు పైనే ఉంది."

"అయితే?"

రెండో లేసు తీశాడు. "కాలి బొటనవేలిని వంచే తాడొకటి ఈ పక్కగానే పోతుంది. దాన్ని కింద తెంపి, వెనక్కి తెచ్చి, మడమ ఎముకకి బెజ్జం వేసి అందులో దూర్చి మరమేకు బిగిస్తాను. రోజూ పనిచేసే కండ కాబట్టి బలంగా ఉంటుంది. ఇక మీ బొటనవేలు మామూలుగా ఉంటుంది, గట్టిగా వంచి పట్టలేదు. అంతే."

అంతే అంటాడు. కోటీ, తోలు పట్టుకునేది ఆ వేలితో కదా. మన చిన్నప్పటినించీ కుట్టేప్పుడు తోలు కొస ఆ వేలికీ పక్కవేలికీ మధ్య పెట్టి లాగి పట్టడమే కదా మనకి తెలిసింది. అదే చెప్పా.

"ఎడమ కాలితో పట్టండి" అన్నాడు.

తర్వాత ఇంకో ప్రశ్న అడిగాడు, ఇదే అసలుది. తాడు ఎంత బిగించాలో తెలియాలంటే మనిషిని బోర్లా పడుకోబెట్టి, మంచి కాలు బల్ల అంచున ఎట్టా వేలాడుతోందో చూసి, రెండోదీ అట్టాగే వేలాడేట్టు బిగిస్తారంట. ఇక్కడ పాదానికి బరువు లేదు, కాస్త లాగినా నిలబడిపోద్ది. ఇక్కడి ఆస్పత్రిలో బిగిస్తే ఇక్కడికి సరిపోద్ది, సుఖంగా నడుస్తా. కిందకి దిగితే అది వదులు తాడు. చక్రంలో పెట్టి ఆరింతల బరువులో బిగిస్తే కిందకి సరిపోద్ది, ఇక్కడేమో బిగుతై, ఏడాది పాటు పిల్లి నడక.

"మళ్ళీ మళ్ళీ విప్పి బిగించేది కాదు. ఎక్కడికి బిగించమంటారు? ఇక్కడికా, కిందకా?"

పరీక్ష పాసవుతానని నమ్మకముందా అనడిగా. నమ్మకం ఆయన శాఖ కాదన్నాడు.

నువ్వడిగిందే ఆయనా అడిగాడు చూడు. నీకు ఇరవై తొమ్మిది రోజులు జవాబు చెప్పలా. ఆయన బల్ల పక్కన నిలబడి చూస్తన్నాడు.

కిందకి అన్నా. వినుకొండకి.

45వ రోజు

ఆపరేషన్ కోసం చక్రాన్ని మూడు గంటలు జనానికి మూశారు. ఊరంతా నాకు దణ్ణం పెట్టినంత పని చేసింది. సెలవిచ్చినందుకు ఒకామె సున్నుండలు పంపింది.

నడుం దగ్గర సూది వేసి కిందంతా మొద్దు చేశారు. బోర్లా పడుకుని అన్నీ వింటన్నా.

"డాక్టరుగారూ, చక్రంలో ఇంతకుముందు ఆపరేషన్ చేశారా?"

"ఒకాయనకి పన్ను పీకాను. బయటికొచ్చేదాకా ఆగలేకపోయాడు."

కొయ్యడం తెలియలా. బొటనవేలి తాడు లాగినప్పుడు మాత్రం ఎవరిదో కాలి లోపల ఎవరో వెతుకుతున్నట్టుంది. ఎముకకి బెజ్జం వేసే చప్పుడు నా కొట్లో సోలుకి బెజ్జం వేసే చప్పుడే. అది వినంగానే భయం పోయింది. చక్రం తిరుగుడికి సూది పక్కకి పోతోందని రెండుసార్లు అన్నాడు. మూడోసారి అనలేదు, చెయ్యి అలవాటు పడినట్టుంది.

మరమేకు బిగించే ముందు ఎడమ కాలినీ కుడి కాలినీ చాలాసేపు చూశాడంట. నర్సు చెప్పింది.

"ఇంకొంచెం" అన్నాడు. లాగారు. "ఇంకొంచెం." లాగారు. "చాలు. వినుకొండ వచ్చింది."

61వ రోజు

కుట్లు తీశారు. పాదం కిందకి వాలిన భంగిమలో పిండికట్టు ఉండేది, అది విప్పి పొడుగు బూటు ఇచ్చారు. లోపల మడమ కింద నాలుగు దిమ్మలు పెట్టాలి, రెండు వారాలకొకటి తీస్తా రావాలి. ఆస్పత్రి దిమ్మలు చూశా. అంచులు నున్నగా చెక్కలేదు. అట్టాంటివి నా కొట్లో పెడితే బేరం పోద్ది. నేనే కోసుకున్నా, చూసి డాక్టరు ఇంకో ఆరు జతలు కావాలన్నాడు.

రికార్డాఫీసునించి కాగితాలొచ్చినయ్, నాకూ పైడమ్మకీ. రద్దు. పైడమ్మ దాన్ని బల్బుల షెల్ఫు మీద అంటించింది. ఎందుకే అంటే, "నా పేరు సర్కారు వాళ్ళు తప్పుల్లేకుండా రాసినారు అప్పా" అంది.

118వ రోజు

దిమ్మలన్నీ అయిపోయినయ్. మామూలు బూటు. డాక్టరు చెప్పినట్టే ఇక్కడ బిగుతు, మడమ నేలకి ఆనదు, దొంగపిల్లిలాగా నడుస్తున్నా. బజార్లో ఒకామె అది కొత్త రకం నడకనుకుని మడమెత్తు బూట్లున్నాయా అనడిగింది. ఉన్నాయన్నా. ఉన్నాయి మరి, మిగిలిన దిమ్మలు.

ఎడమ కాలితో తోలు పట్టడం రావట్లా. పట్టిన తోలు సూది తగలంగానే జారిపోతోంది. పైడమ్మ పక్కన కూర్చుని కొస చేత్తో పట్టుకుంది. నేను కుట్టాను. కుట్టినంతసేపూ బల్బులు కొనేవాళ్ళు వచ్చి పోయారు, ఆవిడ లేవలేదు.

163వ రోజు

చక్రంలో కడ్డీ పట్టుకుని రెండు కాళ్ళతో మడమలెత్తుతున్నా. ఇరవై. ఒక్క కుడికాలితో, సున్నా. ఎత్తమని చెప్తే బొటనవేలు వంగాలని చూస్తోంది. అది ఇప్పుడు వేరే ఉద్యోగంలో ఉందని దానికి ఇంకా తెలియలా.

207వ రోజు

ఒకటి. కోటీ, కుడికాలితో ఒకటి. ఎత్తి దించినాక బెంచీ ఖాళీగా ఉన్నా పోయి కూర్చోలా.

215వ రోజు

పరీక్షకి పిలుపు. ఇద్దరికీ ఒకే రోజు. పద్ధతి ఏందంటే, ఉత్త కాళ్ళతో గీత మీద నిలబడాల, ఒక వేలు మాత్రం గోడకి ఆనించొచ్చు. మడమ ఎత్తినప్పుడు ఆఫీసరు కింద నించి అట్టముక్క ఒకటి దూరుస్తాడు. అటునించి బయటికొస్తేనే లెక్క.

పైడమ్మ ముందు. ఒకటి రెండు మూడు అని ఆఫీసరు లెక్కపెడతన్నాడు. అయిదు దాటినా ఆమె ఆగలా. రెండు పట్టీలు కట్టుకుని తిరిగిన కాళ్ళాయె. ముప్పై దాకా చూసి, "చాలమ్మా, నా నడుం పోతోంది" అన్నాడు, వంగి అట్ట దూర్చలేక.

తర్వాత నేను. ఎడమ కాలు అయిదు, గండం లేదు. కుడి కాలు రెండు. మూడోసారి అట్ట సగంలో ఇరుక్కుంది. నాలుగోసారి దూర్చడానికే లేదు.

"రెండు" అని రాశాడు. ఏడాది అయ్యేలోపల ఇంకొక్క అవకాశం.

  కొట్టు దగ్గరికొచ్చాక పైడమ్మ అంది, "నాకు కాయితం వొచ్చీసింది. నీకు రాకపోతే నేనేటి సేస్కుంటాను దాన్ని."

వస్తా అని పన్నెండో రోజు కొట్టిన మాట ఇవ్వాళ తీసేశా. రాలేను అని కొట్టా. అదీ పంపలా.

240వ రోజు

రోజూ పోతున్నా. వారానికి ఒక్కరోజే రూలు, కానీ రావొద్దని ఎక్కడా రాసిలేదు. డాక్టరు దారిలో కనపడి అడిగాడు.

"ఎన్ని?"

"మూడు. మూడున్నర."

"మీకు రెండు అడుగుల ఎత్తు మెట్టు ఎక్కే బలం వచ్చింది. చక్రంలో చూశాను, మీరు ఎత్తడంలో కాదు, దించడంలో తొందరపడుతున్నారు. దబ్బున వదిలేస్తున్నారు. పైకి ఒక లెక్క, కిందకి నాలుగు లెక్కలు. దించేటప్పుడే తాడు బలపడుతుంది."

నిదానంగా దించడం మొదలెట్టా. ఏడుపొస్తది చూడు, ఆ నాలుగో లెక్క దగ్గర.

262వ రోజు

ఇవ్వాళే పరీక్ష. అదే ఆఫీసరు, అదే అట్ట. పైడమ్మకి పని లేకపోయినా వచ్చింది. కొట్టు ఎవరు చూస్తన్నారే అంటే బల్బులు కాళ్ళొచ్చి పోవంది.

ఎడమ అయిదు. కుడి ఒకటి. రెండు. మూడు. నాలుగోది లేచేటప్పుడు పిక్క వణికింది, అట్ట తగిలి తగిలి అటు బయటికొచ్చింది.

అయిదోది. ఎత్తా. అట్ట సగందాకా వచ్చి ఆగింది.

"సగం" అన్నాడు.

"మళ్ళీ ఎత్తేలోపల ఎంతసేపు ఆగొచ్చని రూల్లో ఉందా అయ్యా?"

పుస్తకం తిరగేశాడు. "లేదు. కానీ ఆ కాలి మీదే నిలబడి ఉండాలి."

నిలబడ్డా. మడమ నేలకి, వేలు గోడకి. ఆరింతల బరువు. పైడమ్మ ఆఫీసరుతో మాట్లాడటం మొదలెట్టింది. మీది ఏ ఊరండి, మీ ఇంట్లో బల్బులు ఏ కంపెనీవండి, అవి ఆర్నెల్లకే పోతాయండి, మా కొట్టుకొకసారి రండి. ఆయన జవాబులు చెప్తన్నాడు. నేను లోపల లెక్కపెట్టుకుంటన్నా. పిక్క వణుకు తగ్గిందాకా ఆగా. తగ్గింది.

"దూర్చండి" అన్నా.

వంగాడు. ఎత్తా. అట్ట ఇటు పోయి అటొచ్చింది. దాన్ని వెలుతుర్లో పెట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు, ఎందుకో మరి. నేను మడమ నాలుగు లెక్కలకి దించా. దించేది పరీక్షలో లేదు, అయినా దించా.

"అయిదు" అని రాశాడు.

పైడమ్మ మొహం అటు తిప్పుకుని, "మీ ఇంటికి ఎన్ని బల్బులు కావాలండి" అంది.

అదే కోటీ సంగతి. కాగితం ఇదిగో నా ముందుంది, దిగొచ్చు అని ముద్ర. ఆరు నెలలు చెల్లుద్ది. ఓడ వచ్చే నెల ఒకటుంది, ఆ తర్వాత మూడు నెలలకి ఇంకోటి. దిగినాక మూడు వారాలు అక్కడ ఆస్పత్రిలో పెట్టి కూర్చోడం లేవడం నేర్పుతారంట, ఆ తర్వాతే బయటికి.

రాలేను అన్నది తీసేశా. వస్తా. ఇదే నా జవాబు. ఆ గది నువ్వు ఎవరికన్నా ఇచ్చేసుంటావు, ఎనిమిది నెలలు నోరు మెదపనిదానికోసం ఎవరు ఆగుతారు. ఇచ్చినా ఏం కాదు, చిన్న బడ్డీకొట్టయినా చూద్దాం. ముందే చెప్తున్నా, నా కుడి బొటనవేలు తోలు పట్టదు, ఎడమది సగమే పట్టుద్ది. కొస నువ్వు పట్టాలి, నేను కుట్టాలి. పైడమ్మ కూడా వస్తానంటోంది, దోమల సంగతి మాత్రం నన్ను చూసుకోమంది. ఆమె బల్బులకి పక్కన చిన్న జాగా ఇవ్వాల.

ఏ ఓడకి పేరు రాయించమంటావు, ఎండలకి ముందా తర్వాతా? మనం ఎప్పుడు కలుద్దాం చెప్పు.